వంతు పూసలు

పన్నెండు మంది గుండెలు ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయని డాక్టర్ పరాంకుశం గారు కనిపెట్టారు. కనిపెట్టగానే కాఫీ తెప్పించుకున్నారు. కాఫీ వచ్చేలోపు సభలో చదవబోయే ప్రసంగానికి మొదటి వాక్యం కూడా రాసేసుకున్నారు.

"సౌదామినీ, ఇలా రా! చూడు!" అని కేక పెట్టారు.

సౌదామిని వచ్చి చూసింది. తెర మీద ఒకదాని కింద ఒకటి పన్నెండు గీతలు. మిల్లు కాలనీ పథకంలో పన్నెండు మంది మణికట్టుకు కట్టుకున్న పూసలు పంపిన నాడి గీతలవి. ఒకటి ఎగిరిన చోటే పన్నెండూ ఎగిరాయి. ఒకటి తడబడిన చోటే పన్నెండూ తడబడ్డాయి.

"సాటి మనిషి బాధను నలుగురూ కలిసి మోస్తే గుండెలే ఏకమైపోతాయి! ఇన్నాళ్ళూ హరికథల్లో చెప్పేవారు, నేను రుజువు చేశాను. ఆ అడుగున ఉన్న గీత చూశావా? అది నాది. నా గుండె కూడా వాళ్ళతో కలిసిపోయింది!" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నిజంగానే తడి వచ్చింది. తన గొప్పతనం తలచుకున్నప్పుడల్లా ఆయనకు వస్తుంది.

సౌదామిని ఆ గీతను చూసి, ఆయన్ను చూసింది. సరిగ్గా ఆ గీత పడిన సమయానికే నిన్న సాయంత్రం లిఫ్టు పాడైందని ఈ పెద్దమనిషి మెట్లన్నీ ఎక్కి, గుమ్మంలో నిలబడి రొప్పుతూ ఎలక్ట్రీషియన్‌ను నానా మాటలూ అన్నారు. ఆమె చెవులారా వింది. గీతలో ఆ రొప్పు జాడే లేదు. నిద్రపట్టని మనిషి నాడిలా నీరసంగా పాకుతోంది.

"చాలా బాగుందండీ," అంది. ఆ ల్యాబులో ఇంజనీరుగా ఉద్యోగం నిలబడాలంటే రోజూ అనాల్సిన మాట అది.

పూసల సంగతి అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. బతకాలని లేని మనిషికి కళ్ళు తెరవగానే ఛాతీ మీద ఒక బరువు కూర్చుంటుంది. అతని చేతికి కట్టిన తల్లిపూస ఆ బరువును చదివి, ఇరుగుపొరుగు కట్టుకున్న పిల్లపూసలకు తలా కొంచెం పంచుతుంది. రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా వంతు గంట, ల్యాబులో మిషను వేసే గంట. గంట మొదలైతే పిల్లపూసల కొక్కేలు బిగుసుకుంటాయి, గంట పూర్తయ్యేదాకా ఊడవు. ముక్కలైన బరువు ఆ గంటలోనే కరిగిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. ముక్కలన్నీ ఒకే ఒంట్లో చేరితే మాత్రం మళ్ళీ అతుక్కుంటాయని ఎలుకల మీద చేసిన పరీక్షల్లోనే తేలింది. అందుకే మనిషికి ఒకే పూస అని మొదటి నియమం పెట్టారు.

రెండో నియమం సౌదామిని పట్టుబట్టి పెట్టించింది. గుండె బరువెక్కిన గంటలో ఊరికే కూర్చోకూడదు. లేచి వెళ్ళి తల్లిపూస ఉన్న ఇంటి తలుపు తట్టాలి, "తిన్నావా" అని అడగడానికైనా సరే. అసలు మందు పూస కాదనీ, ఆ తలుపు తట్టడమేననీ ఆమె నమ్మకం. పరాంకుశం గారికి ఆ నియమం గిట్టదు. తలుపు తట్టడానికి పేటెంటు రాదు మరి.

తల్లిపూస ఉన్నది సౌదామిని ఇంట్లోనే.

ఆమె అన్న తాతాజీ చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసేవాడు. మిల్లు మూతపడింది. ఏడాది తిరక్కుండా భార్య జబ్బు చేసి పోయింది. బతుకు మీద విరక్తి అందుకేనా అని ఎవరైనా అడిగితే తాతాజీ ఒప్పుకోడు. "మిల్లు పోయినవాళ్ళు ఎంతమంది లేరు? పెళ్ళాం పోయినవాళ్ళు ఎంతమంది లేరు? చాలా కలిసిపోయాయమ్మా. దేనికదే చూస్తే చిన్నది," అంటాడు. నిరుడు వానాకాలంలో ఒకనాడు తన పానాల పెట్టెను పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు. ప్రాణం కంటే ఎక్కువగా చూసుకున్న పెట్టె ఎందుకిస్తున్నావని ఆ పక్కింటివాళ్ళు అడగలేదు. మంచి పెట్టె, ఊరికే వస్తోంది, తీసుకున్నారు.

కాకినాడ డాక్టరు మాత్రలు ఒకవైపు, పూస ఒకవైపు. నెల తిరిగేసరికి తాతాజీ మనిషయ్యాడు. గడ్డం గీసుకుంటున్నాడు. ఎవరిదో మిక్సీ విప్పి ముందేసుకుని కూర్చుంటున్నాడు. చారు బాగుంటే బాగుందంటున్నాడు.

"ఎవరైనా వచ్చారా అన్నయ్యా?" అని ఆ సాయంత్రం సౌదామిని అడిగింది.

"ఎవరొస్తారే? అది సీరియల్ టైము కదా."

"ఇన్నాళ్ళలో ఒక్కళ్ళయినా?"

తాతాజీ కాసేపు ఆలోచించాడు. "గ్యాసబ్బాయి వచ్చాడు," అన్నాడు.

పన్నెండు మంది గుండెలు రోజూ బరువెక్కుతుంటే, ఒక్కళ్ళ కాళ్ళు కూడా ఇటు కదల్లేదన్నమాట. ఎవరి పూస ఎక్కడుందో చూడకూడదని గోప్యత నియమం ఒకటి ఉంది. చెప్పులేసుకుని వెళ్ళి చూడకూడదని నియమమేమీ లేదు కనుక మర్నాడు సౌదామిని కాలనీ మీద పడింది.

ముందుగా భ్రమరాంబ గారిల్లు. పథకం మొదలుపెట్టిన రోజున అందరికంటే ముందు చెయ్యి చాపి, ఫొటోలో నిండుగా పడిన మహాతల్లి ఆవిడే. ఇప్పుడు ఆ చేతికి గాజులు తప్ప ఏమీ లేవు.

"పూసేదండీ?"

"అదా! నూకరాజుకిచ్చేశానమ్మా. మొదటిరోజు కట్టుకున్నానా, గుండెల మీద రాయి పెట్టినట్టయిపోయిందనుకో. చపాతీ పిండి కలుపుతున్నదాన్ని అక్కడే చతికిలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో నాకే తెలీదు. అసలే బీపీ మనిషిని."

"ఏడుపొస్తే మా ఇంటికి రావాలి కదండీ. నియమమే అది కదా."

"భలేదానివే. ఏడుపు మొహం వేసుకుని ఒకళ్ళ గుమ్మం ఎలా తొక్కుతానమ్మా? బాగుంటుందా?" అంది భ్రమరాంబ గారు. మర్యాద తెలిసిన మనిషి కదా. పక్కింట్లో మనిషి పోయినా సరే, మొహం కడుక్కుని బొట్టు దిద్దుకున్నాకే వెళుతుంది.

తరవాతి ఇంట్లోనూ అదే మాట, ఆ తరవాతి ఇంట్లోనూ అదే. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి పిల్లల పరీక్షలు, ఒకాయనకు జాతకరీత్యా చేతికి పూస పనికిరాదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. కాలనీ సంఘం అధ్యక్షుడు చలపతి గారు మాత్రం సాకు కూడా చెప్పలేదు.

"నూకరాజుకిచ్చాం. అయితే ఏమిటి? మా ఇంటి గరగ వంతు మా నాన్నగారి హయాం నుంచీ వాళ్ళ నాన్నే ఎత్తేవాడు. ఇప్పుడు వీడు ఎత్తుతున్నాడు. అమ్మవారేమైనా కోప్పడిందా?"

ముత్యాలమ్మ జాతరలో గరగంటే అమ్మవారి పేర అలంకరించిన కుండ. ఏ ఇంటి వంతు వస్తే ఆ ఇంటి మనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాలి. ఒకసారి ఎత్తాక గుడి చేరేదాకా నేల మీద దించకూడదు. పెద్దలు పెట్టిన ఆచారం అది. కాలనీ పెద్దమనుషులు దాన్ని కొంచెం సుఖంగా మార్చుకున్నారు. వంతు వచ్చిన ఇంటాయన పట్టుపంచె కట్టి ముందు నడుస్తాడు, గరగ నూకరాజు నెత్తిన ఉంటుంది. పుణ్యం ఇంటాయనది, మెడనొప్పి నూకరాజుది.

"గరగ వేరు, ఇది వేరండీ. అన్నీ ఒకడి ఒంట్లో చేరితే ప్రమాదం."

"వాడికి అలవాటమ్మా. మోసేవాడికి ఒకటైనా పన్నెండైనా ఒకటే. మీ అన్నయ్య బాగున్నాడా లేదా? బాగున్నాడు కదా! మరి కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఎద్దు పుండు కాకికి నొప్పా? చలపతి గారు పేపరు తిప్పుకున్నారు. సౌదామినికి ఆ పేపరు లాక్కుని ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. కొట్టకుండా బయటికి వచ్చినందుకు ఆ తరవాత చాలాసార్లు బాధపడింది.

నూకరాజు ఇల్లు కాలనీకి వెనకాల, మిల్లు గోడను ఆనుకుని ఉంటుంది. ఇదివరకు ఆ మనిషి కనిపించకముందే వినిపించేవాడు. కాళ్ళకు గజ్జెలు లేకపోయినా నడకలో గజ్జెల తాళం ఉండేది, నోట్లో ఏదో ఒక ఎగతాళి ఉండేది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దాకా పూసలు, గాజులు అమ్మేవాళ్ళ చేతుల్లాగా.

"రండి అమ్మాయిగారూ," అని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు.

"ఇదేమిటి నూకరాజూ? ఇన్ని ఎందుకు కట్టుకున్నావు?"

"ఇచ్చేరండి, కట్టుకున్నానండి. ఇది చలపతిగారిదండి. ఇది బెమరాంబగారిది. ఇదిగో, ఈ ఎర్రదారం కట్టింది మీ పెద్ద డాక్టరుగారిదండి. డైవరు తెచ్చిచ్చేడు."

సౌదామినికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు నిలవలేదు. ఏకమైన పన్నెండు గుండెలూ ఇవే. పరాంకుశం గారి గుండె కూడా ఇక్కడే, ఈ అరుగు మీదే ఉంది.

"ఒంట్లో ఎలా ఉంది?"

"ఏంటోనండి. ఈ మజ్జిన పొద్దున్న లెగాలంటే ఒళ్ళు రావట్లేదండి. అన్నం గడ్డిలాగుంటంది. మొన్నొక సాయంత్రం తెగ ఏడుపొచ్చిందండి. మా ఆవిడ గుర్తొచ్చిందేమో అనుకున్నాను. కాదండి. మిల్లు సైరను మోగట్లేదని ఏడ్చేను." వింత చెబుతున్నట్టు కళ్ళు పైకెత్తాడు. "నేనెప్పుడూ మిల్లులో పన్జెయ్యలేదు కదండీ!"

ఎడమచేతి బొటనవేలి గోరును చూపుడువేలితో గీకుతూ ఉన్నాడు. నిరుడంతా తాతాజీ కూర్చున్న చోట అలాగే గీకేవాడు. సౌదామిని గబగబా దగ్గరికి వెళ్ళి పూసలు ఊడదీయబోతే నూకరాజు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"తాతాజీగారెలాగున్నారండి?"

"బాగానే ఉన్నాడు."

"మరింకేంటండి? గరగెత్తినోడు దార్లో దింపకూడదండి. దింపితే ఎవరిమీద పడద్దో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

అయినా సౌదామిని ఆరు పూసలు మాత్రం బలవంతంగా లాక్కుని, ఇల్లిల్లూ తిరిగి ఎవరివి వాళ్ళకు అప్పజెప్పి వచ్చింది. ఒక్కొక్కళ్ళూ పాలవాడి దగ్గర పాకెట్టు అందుకున్నట్టు అందుకున్నారు. మర్నాడు సాయంత్రానికల్లా ఆ ఆరూ నూకరాజు చేతికే చేరాయి.

పరాంకుశం గారితో చెబితే కనీసం సిగ్గుపడతారనుకుంది. అది ఆమె అమాయకత్వం.

"నా పూసా?" అన్నారాయన చొక్కా చేతిని కిందకు లాక్కుంటూ. "నేను ప్రధాన పరిశోధకుణ్ణి. నా మనసు మీద ప్రభావం పడకూడదు. అది శాస్త్ర నియమం."

"మరి ఆ గీత మీ గుండె అన్నారు కదండీ."

"నా పేరు మీదున్న పూస గీత నాది కాక ఇంకెవరిది?"

"సర్, అతను పడిపోతాడు. పన్నెండు మంది మోయాల్సింది ఒక్కడు మోస్తున్నాడు."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. ఆలోచించారు. ఆయన ఆలోచించడం సౌదామినికి ఎప్పుడూ భయమే.

"ఒక్కడు మోస్తున్నాడు, మీ అన్నయ్య కోలుకున్నాడు. అంటే ఏమిటి? పన్నెండు మంది అక్కర్లేదన్నమాట! కాలనీకి ఒక్క మనిషి చాలు. వాహకుడు అని పేరు పెడదాం. శిక్షణ, జీతం, యూనిఫాం. నలుగురిని పోగేసే బాధ లేదు, తలుపులు తట్టే గొడవ లేదు. సౌదామినీ, నువ్వు సమస్య చెప్పడానికి వచ్చి పరిష్కారం చెప్పావు!"

"అతను చచ్చిపోతే?"

"అందుకే శిక్షణ అంటున్నాను," అని ఆయన సభకు పిలవాల్సినవాళ్ళ పేర్లు చూసుకోవడంలో పడ్డారు.

మిషను ఆపేద్దామని సౌదామిని ఆ సాయంత్రం రెండుసార్లు లేచింది. లేచిన రెండుసార్లూ తాతాజీ మొహం కళ్ళ ముందు నిలిచింది. ఆపితే ఆ బరువంతా ఆయన ఛాతీ మీదికే తిరిగి వస్తుంది. ఇంటికి వెళితే ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని, వంకాయ కూరలో అల్లం ఎక్కువైందని వంక పెట్టాడు. ఏడాది తరవాత అన్న నోట విన్న మొదటి వంక అది. ఆమె నోరు విప్పలేకపోయింది. కాలనీ వాళ్ళందరినీ తిట్టుకుంటూ, తన అన్న అన్నం తింటున్నాడని వేరొకడి చేతికి పూసలు ఉంచేసిన తనకూ వాళ్ళకూ తేడా ఏముందని తిట్టుకుంటూ పడుకుంది. తిలాపాపం తలా పిడికెడు. అందులో తన పిడికిలి మరీ చిన్నదేమీ కాదు.

జాతర రోజు వచ్చింది. గరగ లేచేముందు గుడి ముందరి పందిట్లో పరాంకుశం గారి సభ. వంతు గంటలోనే పన్నెండు మందినీ వేదిక మీద కూర్చోబెట్టి, జనం ముందు పథకం పనిచేసి చూపించాలని ఆయన సరదా. ఫొటోల్లో చేతులు బోసిగా ఉంటే బాగుండదని మధ్యాహ్నం నుంచే ఒక్కొక్కళ్ళూ నూకరాజు ఇంటికి మనిషిని పంపి ఎవరి పూస వాళ్ళు తెప్పించుకున్నారు. పూసలన్నీ పోయాక కూడా అతని బరువు పోలేదు. అప్పటికే అతుక్కుపోయింది.

సౌదామిని బయలుదేరబోతుంటే గుమ్మంలో నూకరాజు కనిపించాడు. చంకలో ఎర్ర తువ్వాలు మూట. తాతాజీ ముందేసుకున్న మిక్సీ పక్కన ఆ మూట పెట్టి విప్పాడు. గజ్జెలు. గరగాటకు అతని తాత కట్టినవి, తండ్రి కట్టినవి.

"ఉంచండి బాబూ. మంచి కంచు. దేనికైనా పనికొస్తాయి."

తాతాజీ గజ్జెల వంక చూడలేదు. నూకరాజు బొటనవేలి వంక చూశాడు. చూస్తూ చూస్తూ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"కూర్చో," అన్నాడు.

"ఎల్తానండి."

"నిరుడు నేను పానాల పెట్టె ఇచ్చేసినప్పుడు ఎందుకిస్తున్నావని ఒక్కళ్ళూ అడగలేదు నూకరాజూ. నేను అడుగుతున్నాను. ఎందుకిస్తున్నావు?"

నూకరాజు గోరు గీకుతూనే ఉన్నాడు.

"చచ్చిపోవాలనుందా?"

అంత మాట అలా మొహం మీద అడుగుతారా అనుకుంది సౌదామిని. నూకరాజు మాత్రం ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నట్టు గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"ఉందండి," అన్నాడు. అనేసరికి ఊపిరి కొంచెం బయటికి వచ్చింది. "ఎందుకో తెలీదండి. నాదిలాగ లేదండి ఇది."

"నీది కాదు. నాది," అన్నాడు తాతాజీ. "దాని నడక నాకు తెలుసు." చెల్లెలి వైపు తిరిగాడు. "ఏం జరిగింది సౌదా?"

ఆమె చెప్పింది. గరగ సంగతి, చలపతి గారి సంగతి, ఎర్రదారం సంగతి, తను నోరు మూసుకున్న సంగతి. తాతాజీ కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడలేదు. తన చేతి తల్లిపూస విప్పి నూకరాజు మణికట్టుకు కట్టాడు.

"ఈ పూట పన్నెండు మందీ ఎవరి పూస వాళ్ళు కట్టుకున్నారు కదా? వెళ్ళి మిషను వెయ్యి."

"మరి నీకు?"

"నాది మిగిలితే నేను చూసుకుంటా. మాత్రలున్నాయి, నువ్వున్నావు, ఈయనున్నాడు. నేనూ ఈయనా కలిసి ఈ మిక్సీ బిగిస్తాం. నూకరాజూ, ఈ గిన్నె కాస్త గట్టిగా పట్టుకో."

నూకరాజు పట్టుకున్నాడు. గిన్నె జారబోయింది. తాతాజీ అతని చేతుల మీద తన చేతులు వేసి పట్టుకున్నాడు.

పందిట్లో పరాంకుశం గారు మైకు ముందు నిలబడి ఉన్నారు. చొక్కా చెయ్యి మడిచి, ఎర్రదారం పూస అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు. వేదిక మీద మిగతా పదకొండు మందీ పట్టుచీరల్లో, పట్టుపంచెల్లో తళతళలాడుతున్నారు. అయిదు కొట్టింది. సభకని తెచ్చి పెట్టిన మిషను మీట సౌదామిని నొక్కింది. పన్నెండు కొక్కేలు టక్కున బిగుసుకున్నాయి.

"సోదర సోదరీమణులారా, ఏకహృదయం అనే మాటకు ఈనాడు..." అన్న పరాంకుశం గారు అక్కడే ఆగిపోయారు. తరవాతి మాట కోసం నోరు తెరిచారు. ఏ మాట చెప్పినా ప్రయోజనం లేదనిపించినట్టుంది, తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

చలపతి గారు గుండె పట్టుకుని, "గుండెపోటు! అంబులెన్సు!" అని అరిచారు. ఒకాయన కొక్కేన్ని పళ్ళతో లాగుతున్నాడు. జాతకం మనిషి కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు. కాటుక కారిపోతుంటే భ్రమరాంబ గారు పమిటతో మొహం దాచుకుంది.

సౌదామిని మైకు అందుకుంది. "ఎవరూ చావరు. ఇది గుండెపోటు కాదు, నూకరాజు. మీకు తగిలింది పన్నెండో వంతు. పన్నెండు వంతులూ అతనొక్కడే ఇన్నాళ్ళూ మోశాడు. ఈ గంట అయ్యేదాకా కొక్కెం ఊడదని మీకు ముందే చెప్పాం. ఇంకో నియమం కూడా చెప్పాం. గుర్తుంటే లేవండి. అతను మా ఇంట్లోనే ఉన్నాడు."

"ఆపు! మిషను ఆపెయ్ ముందు!" పరాంకుశం గారు గొంతు తెచ్చుకున్నారు.

"దార్లో దించకూడదండీ," అని చెప్పి సౌదామిని వేదిక దిగిపోయింది.

ఇల్లు చేరేసరికి మిక్సీ బిగించడం అయిపోయింది. ఇద్దరూ గోడకు ఆనుకుని పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. నూకరాజు గోరు గీకడం లేదు. వీధి తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఎవరో తట్టారు.

భ్రమరాంబ గారు. కాటుక చెంపల మీద, బొట్టు నుదుటి మీద చెదిరిపోయి, ముక్కు ఎర్రబడి, జన్మలో ఎవరికీ చూపించని మొహంతో గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏదో చెప్పబోయింది. దెబ్బలాడటానికే వచ్చి ఉంటుంది. నూకరాజును చూసింది.

"తిన్నావా నూకరాజూ?" అంది.

"లేదండి," అన్నాడతను. ఆ మాటకే అతనికి ఏడుపు ఆగలేదు. భ్రమరాంబ గారు లోపలికి వచ్చి, ఎవరినీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాత మరికొందరు వచ్చారు. ఇదేదో గొప్ప మనసు మార్పని చెప్పుకోవడానికి లేదు. సగం మంది పూస ఊడదీయమని అడగడానికే వచ్చారు. ముగ్గురు ఈసీజీ తీయించుకోవడానికి క్లినిక్కు పరిగెత్తారు. పరాంకుశం గారు ఏసీ కారెక్కి అద్దాలు ఎత్తేసుకున్నారు. వచ్చినవాళ్ళు మాత్రం వచ్చాక వెంటనే వెళ్ళలేకపోయారు. అరుగు మీద, మెట్ల మీద, సందులో ఇటుకల మీద కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక ఒకడు ఉక్కబోత గురించి ఎత్తాడు. ఇంకొకాయన నూకరాజు తండ్రి గరగాట గురించి చెప్పాడు. ఆరు కొట్టగానే కొక్కేలు ఊడిపోయాయి. నలుగురు లేచిపోయారు. భ్రమరాంబ గారి పూస పులుసు గిన్నె పక్కన పడి ఉంది, ఆవిడ చూసుకోనేలేదు.

సోమవారం నూకరాజును కూడా కాకినాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని అన్నాచెల్లెళ్ళు అనుకుంటూ ఉండగా, గుడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. అరుగు మీద కూర్చున్న చలపతి గారు గొంతు సవరించుకున్నారు.

"నూకరాజూ, కాస్త తేలికపడ్డావు కదా. గరగ వేళయింది. ఈసారి మా ఇంటి వంతు."

ఒకసారి దెబ్బ తింటే బుద్ధి వస్తుందంటారు. అది బుద్ధి ఉన్నవాళ్ళ సంగతి.

నూకరాజు గజ్జెల వంక చూశాడు. తాతాజీ వాటిని మూటగట్టి అతని ఒళ్ళోనే పెట్టేశాడు. "నేనెత్తనండి," అన్నాడు నూకరాజు. బతుకులో ఆ మాట అనడం అదే మొదలు కాబోలు, అనేసి తనే చుట్టూ చూశాడు.

"ఎత్తవా? మరెవరెత్తుతారు?"

"మీ వంతని మీరే అన్నారు కదండీ," అన్నాడు తాతాజీ.

అందరూ చలపతి గారి మెడ వంక చూశారు. డప్పులు ఆగడం లేదు. అమ్మవారి పని, నలుగురి కళ్ళ ముందు కాదనడానికి వీల్లేదు. ఆయన కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు.

సౌదామిని ఫోను మోగింది. పరాంకుశం గారు. "అంతా నాశనం చేశావు! ఈ పూట గీతలు చూశావా? ఒక గుండెతో ఇంకొకటి కలవడం లేదు. పన్నెండూ పన్నెండు రకాలుగా కొట్టుకున్నాయి. ప్రయోగం విఫలమైందని రాసేస్తున్నాను!"

"రాసెయ్యండి," అని ఆమె పెట్టేసింది.

గరగ వీధి మలుపు తిరిగింది. దాని కింద చలపతి గారు. పట్టుపంచె మోకాళ్ళకు చుట్టుకుపోతోంది, కళ్ళు తేలిపోతున్నాయి, తాగినవాడి నడకలా అడుగు ఇటు వేస్తే అటు పడుతోంది. దించడానికి వీల్లేదు. ఎవరైనా పట్టుకుంటారేమోనని పక్కచూపులు చూస్తున్నారు గానీ, నోరు తెరిచి అడగడానికి అధ్యక్ష పదవి అడ్డం వస్తోంది.

మెట్ల మీద కూర్చున్న నూకరాజుకు నవ్వు వచ్చింది. నెల రోజులకు వచ్చిన నవ్వు. అది నవ్వో దగ్గో ముందు సౌదామినికి అర్థం కాలేదు.

"మెడ నిలబెట్టండి బాబూ! కిందకి సూడకండి!" అని అరిచాడు. "బరువైతే పక్కోడి నెత్తినెట్టండి. కేకెయ్యండి! కేకెయ్యకపోతే ఎవడూ రాడు!"

అని, ఒళ్ళోని గజ్జెల మూట మీద చెయ్యి వేసుకుని, "నేనూ ఎప్పుడూ కేకెయ్యలేదండి," అన్నాడు మెల్లగా.

పక్కనున్న తాతాజీ చూపుడువేలు మళ్ళీ బొటనవేలి గోరును గీకుతోంది. నూకరాజు అది చూసి, మెట్టు మీద ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"ఎవరైనా పట్టండయ్యా!" వీధిలోంచి చలపతి గారి కేక వినిపించింది. భ్రమరాంబ గారు గరిటె కింద పడేసి పరిగెత్తింది.